ఆంజెల్ ఇంటిపేరు

ఒక స్త్రీ ఆరుబయట పచ్చదనం మధ్య కూర్చుని ఒళ్ళోని పాపకు పాలిస్తోంది. ఇద్దరి బట్టలూ తెలుపే. ఆ తెలుపులో లేతగులాబీ, ఆకుపచ్చ చారలు ఎంతగా కలిసిపోయాయంటే ఆమె రొమ్ము ఎక్కడ ముగిసి పాప బుగ్గ ఎక్కడ మొదలవుతుందో వెతుక్కోవాలి. ఆమెకు ముఖం ఉంది కానీ పోలికలు లేవు. కళ్ళూ ముక్కూ ఉండాల్సిన చోట కుంచె నాలుగుసార్లు తాకి వెళ్ళిపోయినట్టుంటుంది. వెనకున్న పచ్చదనమంతా ఆమె భుజాల మీదికి పాకి వస్తున్నట్టుంటుంది. 50 సెంటీమీటర్ల ఎత్తు, 61 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న తైలవర్ణ చిత్రం అది. ఫ్రెంచి ఇంప్రెషనిస్టు చిత్రకారిణి బెర్త్ మొరిసో 1880 ప్రాంతంలో వేసింది.

పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో ఒక వ్యాస సంపుటిలో ఈ బొమ్మను మొదటిసారి చూశాను. 'తల్లీ బిడ్డా' అనుకుని పేజీ తిప్పేశాను. మనకు అలవాటైన చూపు అది. ఆడమనిషి ఒళ్ళో పాప ఉంటే ఆమె తల్లి. పాలు కూడా ఇస్తుంటే ఇక అనుమానమే లేదు. తర్వాత వ్యాసం చదివితే తెలిసింది. ఆ పాప పేరు జూలీ, మొరిసో కన్నకూతురు. అంటే తల్లి బొమ్మలో లేదు. బొమ్మకు ఇవతల కుంచె పట్టుకుని ఉంది. పాలిస్తున్న మనిషి జీతానికి కుదిరిన పాలదాది. కేటలాగుల్లో ఈ చిత్రానికి కనబడే ఒక శీర్షిక 'జూలీ మానేకు పాలిస్తున్న దాది ఆంజెల్'. పాలు తాగే పాపకు పేరూ ఇంటిపేరూ రెండూ ఉన్నాయి. పాలిచ్చే మనిషికి పేరొక్కటే ఉంది.

ఈ శీర్షిక దగ్గర నేను చాలాకాలంగా ఆగిపోయి ఉన్నాను. అందుకు నా సొంత కారణం ఒకటుంది, తర్వాత చెబుతాను. ముందు ఆ కుంచె పట్టుకున్న ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో చూడాలి.

బెర్త్ మొరిసో 1841లో బూర్జ్ పట్టణంలో పుట్టింది. తండ్రి ఉన్నత ప్రభుత్వోద్యోగి. కుటుంబం పారిస్‌కి మారాక అక్క ఎడ్మాతో కలిసి బొమ్మలు వేయడం నేర్చుకుంది. ఆ వర్గంలో ఆడపిల్లలకు బొమ్మలు నేర్పించడం, మన ఇళ్ళలో పెళ్ళిచూపుల కోసం సంగీతం నేర్పించడం లాంటిదే. అయితే వాళ్ళ గురువు జోసెఫ్ గిషార్ ఆ పిల్లల్లో ఉన్నది ముచ్చట కాదని కనిపెట్టాడు. వీళ్ళు నిజంగానే చిత్రకారులైపోతారు, మీలాంటి ఇంట్లో అది ఉపద్రవమే అవుతుంది అన్న అర్థంలో తల్లిని హెచ్చరించాడు. అప్పటికి ఫ్రాన్సులో ప్రభుత్వ చిత్రకళాశాల ఎకోల్ దె బోజార్‌లో ఆడవాళ్ళకు ప్రవేశమే లేదు. 1897లో ఆ తలుపు తెరుచుకునేనాటికి మొరిసో చనిపోయి రెండేళ్ళయింది.

1864లో పారిస్ సలోన్ ప్రదర్శనకు అక్కచెల్లెళ్ళిద్దరి చిత్రాలూ ఎంపికయ్యాయి. ఒకే ఇల్లు, ఒకే గురువు, ఒకే ఏడాది ఒకే గుర్తింపు. 1869లో ఎడ్మా ఒక నౌకాదళ అధికారిని పెళ్ళి చేసుకుని పారిస్ విడిచి వెళ్ళింది. దాంతో ఆమె చిత్రలేఖనం ముగిసింది. చెల్లెలికి రాసిన ఉత్తరాల్లో ఆ పాత స్టూడియో మీద బెంగ కనిపిస్తూనే ఉంటుంది. 1872లో మొరిసో వేసిన 'ఊయల'లో, నిద్రపోతున్న బిడ్డను చూస్తూ చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చున్నది ఈ ఎడ్మానే. ఇప్పుడా చిత్రం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. మాతృత్వపు మాధుర్యం అంటూ దాన్ని మెచ్చుకుంటుంటారు. ఎడ్మా కథ తెలిశాక నేనలా చూడలేకపోయాను. ఊయల పక్కన కూర్చున్నది పని ఆగిపోయిన చిత్రకారిణి. ఆమెను చూస్తూ బొమ్మ వేస్తున్నది, ఆ పని ఇంకా ఆగని చిత్రకారిణి.

1874 ఏప్రిల్ 15న పారిస్‌లో, ఫొటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో, సలోన్‌కు పోటీగా ఒక ప్రదర్శన మొదలైంది. ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనగా తర్వాత చరిత్రకెక్కింది. మోనే, రెన్వార్, దెగా, పిసారో, సెజాన్ అందులో ఉన్నారు. సుమారు ముప్పైమందిలో స్త్రీ మొరిసో ఒక్కతే. 'ఊయల'ను అక్కడే పెట్టింది. ఎవరూ కొనలేదు. 1876లో రెండో ప్రదర్శన చూసిన ఆల్బర్ వోల్ఫ్ అనే విమర్శకుడు, లె ఫిగారో పత్రికలో వీళ్ళందరినీ పిచ్చివాళ్ళ జాబితాలో వేసి, అందులో ఓ ఆడమనిషి కూడా ఉందని ఎద్దేవా చేశాడు. ఆమె మానలేదు. 1886 దాకా జరిగిన ఎనిమిది ప్రదర్శనల్లో ఏడింటిలో పాల్గొంది. లేనిది ఒక్క 1879 ప్రదర్శనలోనే. 1878 నవంబరు 14న జూలీ పుట్టింది. 1880 ప్రదర్శనకు తల్లి తిరిగి వచ్చేసింది.

అంటే విరామం ఒక్క ప్రదర్శనే. మన రచయిత్రుల పరిచయాల్లో 'పెళ్ళయ్యాక పదేళ్ళు ఏమీ రాయలేదు', 'పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను' అనే వాక్యాలు ఎన్నిసార్లు చదివి ఉంటాం? మొరిసోకు ఆ విరామం అంత చిన్నదెలా అయింది? ప్రతిభ వల్ల అందామంటే ఎడ్మా గుర్తొస్తుంది. భర్త యూజీన్ మానే ఆమె పనిని గౌరవించాడన్నది నిజం. ఆయన ప్రసిద్ధ చిత్రకారుడు ఎడ్వార్ మానేకి తమ్ముడు. 1882 ప్రదర్శన సమయంలో ఆమె కూతురితో దక్షిణాన నీస్‌లో ఉండిపోతే, పారిస్‌లో ఆమె చిత్రాల ఏర్పాట్లు తనే చూశాడు. 1881లో ఆమె వేసిన ఒక చిత్రంలో తోటలో కూతుర్ని ఆడిస్తున్న తండ్రి కనిపిస్తాడు. ఆ రోజుల్లో అరుదైన బొమ్మ అది. ఆస్తి ఉందన్నదీ నిజం. పెళ్ళయ్యాక కూడా ఆమె తన చిత్రాలను మానే ఇంటిపేరుతో కాక మొరిసోగానే ప్రదర్శించింది. ఇవన్నీ ఆమె జీవితం గురించి రాసినవాళ్ళు చెబుతారు. ఈ లెక్కలో ఆంజెల్ పాలు ఎక్కడ వేస్తారు? నా ప్రశ్న అది.

మొరిసో పెళ్ళి 1874 డిసెంబరు 22న జరిగింది. ఆ మర్నాడే, డిసెంబరు 23న, ఫ్రాన్సులో రూసెల్ చట్టం వచ్చింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు, వరుస తేదీలు మాత్రమే. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే సమాజపు రెండు గదులు కనిపిస్తాయి. పాలదాదుల వ్యవస్థ అప్పుడు ఫ్రాన్సులో పెద్ద ఎత్తున నడుస్తోంది. పారిస్‌లో పనిచేసుకుని బతికే ఆడవాళ్ళు తమ పసిపిల్లలను తక్కువ జీతానికి ఒప్పుకునే పల్లెటూరి దాదుల దగ్గరికి పంపేవాళ్ళు. అక్కడ చాలామంది పిల్లలు చనిపోయేవాళ్ళు. కలిగినవాళ్ళు దాదినే ఇంటికి తెచ్చుకునేవాళ్ళు. బుర్గుండీలోని మోర్వాన్ కొండ పల్లెల నుంచి వచ్చే దాదులకు పారిస్ ధనిక ఇళ్ళలో మంచి గిరాకీ ఉండేది. జీతం తీసుకునే దాదుల దగ్గర పెరిగే రెండేళ్ళలోపు పిల్లల మీద ప్రభుత్వ పర్యవేక్షణ ఉండాలని థియోఫిల్ రూసెల్ అనే వైద్యుడు, చట్టసభ సభ్యుడు ఈ చట్టం తెచ్చాడు.

అందులో ఒక నిబంధన ఉంది. యజమాని ఇంట్లో ఉండి పాలివ్వడానికి వెళ్ళే స్త్రీ తన ఊరి మేయరు దగ్గర ఒక ధ్రువపత్రం తీసుకోవాలి. ఆమె చివరి బిడ్డ బతికి ఉందో లేదో అందులో రాయాలి. ఆ బిడ్డకు ఏడు నెలలు నిండి ఉండాలి, లేదా ఇంకో స్త్రీ ఆ బిడ్డకు పాలిస్తూ ఉండాలి. ఈ నిబంధన చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఒక తల్లి తన బిడ్డకు దూరం కావడానికి అర్హత సంపాదించే కాగితం అది. పాలు ఉన్నాయంటే ఎక్కడో ఒక బిడ్డ పుట్టింది. కాబట్టి మొరిసో చిత్రంలో ఉన్నది ఇద్దరు కాదు. కుంచె పట్టుకున్న తల్లిని కలుపుకుంటే ముగ్గురు, ఆంజెల్ సొంత బిడ్డను కలుపుకుంటే నలుగురు. కనిపించని ఇద్దరిలో ఒకరు కాన్వాసు మూలన సంతకం చేయగలరు. రెండోవాళ్ళ గుర్తు ఆ పాలు మాత్రమే.

కళాచరిత్రలో ఈ చిత్రాన్ని చర్చకు పెట్టింది అమెరికన్ స్త్రీవాద విమర్శకురాలు లిండా నాక్లిన్. గొప్ప మహిళా చిత్రకారులు ఎందుకు లేరు అన్న 1971 నాటి వ్యాసంతో ఆమె మనకు పరిచయమే. 1988లో వెలువడిన తన వ్యాస సంపుటిలో మొరిసో పాలదాది మీద ఆమె ఒక ప్రత్యేక వ్యాసం రాసింది. ఇంప్రెషనిస్టుల చిత్రాల్లో తోటలూ పడవలూ విహారాలూ అంటే తీరిక. మరి ఆ తీరికలో ఎవరి పని కలిసిపోయి ఉంది అని ఆమె అడిగింది. మామూలు కంటికి తోటలో ప్రకృతి సహజమైన ఒక దృశ్యంలా కనిపించేది నిజానికి జీతానికి చేస్తున్న పని. దాన్ని బొమ్మగా వేయడమూ పనే. ఒకే బిడ్డ చుట్టూ ఇద్దరు పనిచేసే స్త్రీలు వర్గపు గీతకు అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్నారన్నది ఆమె విశ్లేషణ సారాంశం.

అదే కాలంలో మగ చిత్రకారులు ఇదే విషయాన్ని ఎలా వేశారో చూస్తే తేడా తెలుస్తుంది. దెగా 1869లో వేసిన గుర్రప్పందేల చిత్రంలో బగ్గీలో ఒక దాది పాపకు పాలిస్తుంటుంది. తల్లి పక్కనే గొడుగు కింద ఉంటుంది. తండ్రి పైనుంచి వెనక్కి తిరిగి చూస్తుంటాడు, అతని దగ్గరే కుక్క కూడా ఉంటుంది. దాది అక్కడ ఒక కలిగిన కుటుంబపు సరంజామాలో ఒక భాగం. రెన్వార్ 1885 ప్రాంతంలో తన సహచరి అలీన్ కొడుక్కి పాలిస్తుండగా వేశాడు. నిండైన పల్లెపడుచు, నిండైన రొమ్ము, తృప్తిగా చూసే ముఖం. పాలివ్వడం అక్కడ ఆడదాని సహజ స్వభావం. మొరిసో చిత్రంలో ఈ రెండూ లేవు. యజమాని చూపుకు దొరికే వివరమూ లేదు, మగ చూపుకు దొరికే రొమ్మూ లేదు.

మరి ఆ ముఖం లేకపోవడం సంగతేమిటి? మొదట నాకూ అనుమానం వచ్చింది. పనిమనిషి కాబట్టే పోలికలు వేయలేదా? అలా తేల్చేయడం సులువు. కానీ ఈ దశలో మొరిసో తన కూతుర్నీ, తనవాళ్ళనీ కూడా ఇలాగే వేగంగా, అసంపూర్ణమనిపించేలా వేసింది. ఆ రోజుల విమర్శకులు ఆమెను ఎక్కువగా తప్పుపట్టింది ఈ విషయంలోనే. కాబట్టి ముఖాన్ని పక్కనపెట్టి నేను ఆ వేగాన్నే చూడాలనుకున్నాను. ఇంప్రెషనిస్టులు గబగబా ఎందుకు వేస్తారంటే వెలుతురు మారిపోతుంది గనక అని మనం చదువుకున్నాం. మోనేకి గడియారం సూర్యుడు. ఈ చిత్రంలో గడియారం అది కాదని నాకనిపిస్తుంది. పాప ఎంతసేపు పాలు తాగుతుందో అంతసేపే ఆ ఇద్దరూ కదలకుండా ఉంటారు. కడుపు నిండితే తల తిప్పేస్తుంది, దృశ్యం చెదిరిపోతుంది. చిత్రకారిణి చేతికి దొరికిన సమయాన్ని కొలుస్తున్నది దాది రొమ్ములోని పాలు. మొత్తం చిత్రం ఒక్క విడతలో పూర్తయిందని నేననడం లేదు. కానీ ఆ కుంచె తాకిళ్ళ ఆత్రం వెలుతురు కోసం పడే ఆత్రంలా నాకు లేదు. పాప నిద్రలేచేలోగా నాలుగు వాక్యాలు రాసుకునే మనిషి ఆత్రంలా ఉంది. మనలో చాలామందికి ఆ ఆత్రం తెలుసు.

మొరిసోకు కుటుంబ సంబంధంలో దగ్గరివాడైన కవి పాల్ వాలెరీ ఆమె చిత్రాలన్నీ కలిపి చూస్తే ఒక స్త్రీ రాసుకున్న దినచర్యలా ఉంటాయన్నాడు. పొగడ్తగానే అన్నాడు. మన సాహిత్యంలో ఆడవాళ్ళు వంటింటి గురించి రాసినా, పురుళ్ళ గురించి రాసినా ఇలాంటి పొగడ్తే దొరికేది. సొంత అనుభవం, నిజాయితీ అంటారు. ఆలోచన అనరు. డైరీ అన్నాక ఇక అందులో సమాజం గురించి వెతకనక్కర్లేదు కదా. కానీ మొరిసో ఇంటి లోపలి నుంచే చూసి వేసిన బొమ్మల్లో పనిచేసే ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ కనిపిస్తారు. తోటలో కుట్టుపని చేస్తున్న పాసీ, 1886 నాటి భోజనాల గదిలో నిలబడి మనవైపు చూసే పనమ్మాయి, బయట బట్టలు ఆరేసేవాళ్ళు. ఇంటిని బొమ్మగా వేస్తూ, ఆ ఇల్లు ఎవరి చేతుల మీద నడుస్తోందో దాచకపోవడం డైరీ రాసుకోవడం కంటే పెద్ద పని.

దాచలేదు అంటే న్యాయం చేసిందనీ కాదు. ఇక్కడే మొరిసోతో నా పేచీ. మహాశ్వేతాదేవి బెంగాలీ కథ 'స్తనదాయిని'ని గాయత్రీ స్పివాక్ 1987లో ఇంగ్లీషులోకి తెచ్చి చర్చించాక మనమంతా చదివాం. అందులో జశోద కలిగిన ఇంటి పిల్లలకు పాలిచ్చి తన కుటుంబాన్ని పోషిస్తుంది. పాల కోసం మళ్ళీ మళ్ళీ గర్భం ధరిస్తుంది. ఆఖరికి రొమ్ము క్యాన్సర్‌తో దిక్కులేకుండా చనిపోతుంది. ఆ కథను జశోద వైపు నిలబడి చెప్పారు. మొరిసో ఎంత సహృదయంతో వేసినా దాది ఎదురుగా, జీతమిచ్చే వైపు నిలబడి వేసింది. ఆ గీత ఏ కుంచెతోనూ చెరగదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు తెలుగు స్త్రీవాదులకు ఎదురైన ప్రశ్నలూ ఈ గీత గురించే. మీరు వంటింటి నుంచి విముక్తి అంటున్నారు, సరే, మీరు బయటికొచ్చాక ఆ వంటింట్లోకి ఎవరు వెళ్తున్నారు? ఈ ప్రశ్న విన్నాం, చర్చించాం, సెమినార్లలో పేపర్లూ చదివాం. నేనూ చదివాను.

ఇప్పుడు నా సంగతి. నా సిద్ధాంత వ్యాసం స్త్రీల ఆత్మకథల మీద. అది రాసే రోజుల్లో నాకు పాప పుట్టింది. ఆరో నెల నుంచి పాపను చూసుకోవడానికి ఒకామె వచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను ఆమెను 'నువ్వు' అనేదాన్ని, ఆమె నన్ను 'అమ్మా' అనేది. ఇంట్లో అందరం ఆమెను ఆమె పెద్దకొడుకు పేరు చేర్చి 'ఫలానావాళ్ళమ్మ' అని పిలిచేవాళ్ళం. ఆ కొడుకు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. పండక్కి మాత్రమే వాడిని చూసేది. రోజుకి ఇరవైసార్లు మా ఇంట్లో వినబడేది వాడి పేరే, లేనిది వాడే. మా పాపకు పట్టింది డబ్బాపాలు కాబట్టి ఆమె ఆంజెల్‌లా పాలివ్వలేదు. మిగతా ఏర్పాటంతా అదే. ఆమె పాపను ఎత్తుకుని మేడ మీదికి వెళ్తే నేను రాసేదాన్ని. పాప ఏడుపు మెట్ల మీద వినబడితే ఆపేసేదాన్ని. అధ్యాయాల పొడవు ఆమె ఓపికను బట్టి ఉండేది.

థీసిస్ సమర్పించేటప్పుడు కృతజ్ఞతల పేజీ ఎంతో ఇష్టంగా రాసుకున్నాను. గైడు, డిపార్ట్‌మెంటు అధ్యాపకులు, లైబ్రరీ సిబ్బంది, అమ్మానాన్నలు, భర్త, స్నేహితురాళ్ళు, డిటిపి చేసినతను. పాపను కూడా వదల్లేదు, సహకరించినందుకు. ఆమె లేదు. మర్చిపోయానని కూడా చెప్పలేను, తట్టలేదు. స్త్రీల జీవితాల్లో నమోదు కాని శ్రమ గురించి మూడో అధ్యాయం మొత్తం రాసిన మనిషిని నేను. ఈ వ్యాసం కోసం మొరిసో చిత్రం శీర్షికను మళ్ళీ చూసిన రోజు 'ఆంజెల్‌కి ఇంటిపేరు లేదే' అని గట్టిగా అనుకున్నాను. వెంటనే ఇంకోటి తెలిసింది. మా ఇంట్లో మూడేళ్ళు పనిచేసినామె ఇంటిపేరు సంగతి అటుంచి, పేరు కూడా నాకు తెలియదు. కనీసం మొరిసో చిత్రానికి పేరు మిగిలింది.

మొరిసో 1895 మార్చి 2న యాభై నాలుగేళ్ళ వయసులో చనిపోయింది. మరణ ధ్రువపత్రంలో వృత్తి దగ్గర 'ఏదీ లేదు' అని రాశారు. పారిస్‌లోని పాసీ శ్మశానంలో సమాధి రాయి మీద ఆమె పేరు కింద యూజీన్ మానే వితంతువు అని ఉంటుంది. చిత్రకారిణి అన్న మాట లేదు. దాదికైతే చట్టప్రకారం వృత్తి ఉంది, దానికి ధ్రువపత్రమూ ఉంది. ఒకరికి ఇంటిపేరు నిలబడింది, వృత్తి నిలబడలేదు. ఇంకొకరికి వృత్తే మిగిలింది. ఈ రెండు లోట్లూ ఒకటే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మొరిసోకు జరిగిన అన్యాయాన్ని సరిచేయడానికి కళాచరిత్రకారులూ మ్యూజియాలూ ఉన్నాయి. స్త్రీవాద విమర్శ ఆ పని చేసింది, చేయాల్సిందే. కానీ మరుగునపడిన చిత్రకారిణిని వెలికితీసిన ప్రతిసారీ ఆమె చిత్రంలో కూర్చున్న మనిషిని కూడా అడగాలి. ఆ పని మధ్యలో ఆగిపోతే మన విమర్శ కూడా ఒక కృతజ్ఞతల పేజీలాగే మిగులుతుంది.

ఇప్పుడు నా థీసిస్ పుస్తకంగా రాబోతోంది. పోయిన నెల ఆమె ఉండే చోటు కనుక్కుని వెళ్ళాను. ఈసారి 'మీరు' అంటే నవ్వింది. పుస్తకంలో మీ పేరు వేస్తాను, చెప్పండి అన్నాను. "నా పేరెందుకమ్మా, నేనేం చదువుకున్నానా" అంది. మళ్ళీ మళ్ళీ అడిగితే చెప్పింది, ఇంటిపేరుతో సహా. నేను కాగితం మీద రాసుకుంటుంటే కాసేపు చూసి, "మరి మావోడి పేరు కూడా రాయమ్మా. నేను మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాడే కదా అక్కడ ఒక్కడూ ఉన్నాడు" అంది.

పుస్తకంలో రెండు పేర్లూ ఉంటాయి. ఆమె ఒప్పుకున్నది ఆ పుస్తకానికే కాబట్టి ఇక్కడ రాయడం లేదు.